"మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?" అని అడిగితే సరిపోదు

రొమ్ములో గడ్డతో ఓపీకి వచ్చిన స్త్రీని, ఏ గడ్డా లేకుండా మామూలు చెకప్‌కి వచ్చిన స్త్రీని కూడా డాక్టర్లు ఒకే ప్రశ్న అడుగుతారు: "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?" ఆమె "లేదండీ" అంటుంది. కేస్ షీటులో ‘ఫ్యామిలీ హిస్టరీ: నిల్’ అని పడుతుంది. ఆ నిల్ ఆమె ఫైలులో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ‘మీ ఇల్లు’ అనగానే పెళ్లయిన ఆడమనిషికి ముందు తట్టేది అత్తవారిల్లు. ‘ఉందా’ అంటే ఇప్పుడు బతికున్నవాళ్లలో ఉందా అని అర్థం చేసుకుంటుంది. ఎప్పుడో కడుపు ఉబ్బి చనిపోయిన మేనత్తకి వచ్చింది క్యాన్సరేనని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. తెలిసినా, పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంటే చెప్పదు.

వంశపారంపర్య క్యాన్సర్ల విషయంలో మన చేతిలో ఉన్న అతి చవకైన పరీక్ష కుటుంబ చరిత్ర. సూది అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. తెల్ల కాగితం, పెన్సిలు, అరగంట ఓపిక చాలు. కానీ సరిగ్గా అడగకపోతే అది కూడా తప్పుడు రిపోర్టు ఇచ్చే పరీక్షే. ఎలా అడగాలో, మన కుటుంబాల్లో ఎక్కడెక్కడ సమాచారం జారిపోతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చదివాక మీ కుటుంబం చార్టు మీరే గీసుకోగలగాలి, అదే నా కోరిక.

2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, జనాభా వయసుల్లో తేడాలు సరిచేసి లెక్కిస్తే, రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అత్యధికంగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే: ఏడాదికి లక్ష మంది స్త్రీలకు 48. వీటిలో ఎక్కువ భాగం వంశపారంపర్యమైనవి కావు. రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం, అండాశయ క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం పుట్టుకతో వచ్చిన జన్యుమార్పు వల్ల వస్తాయి. శాతం చిన్నదిగా కనబడుతుంది. కానీ ఆ కుటుంబాల్లోని స్త్రీలకు ముప్పు చిన్నది కాదు. ప్రధానంగా పాశ్చాత్య కుటుంబాల్లో జరిగి 2017లో అచ్చయిన పెద్ద అధ్యయనం లెక్క ఇది: బీఆర్‌సీఏ1 అనే జన్యువులో హానికర మార్పు ఉన్న స్త్రీకి 80 ఏళ్లు నిండేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 72 శాతం, అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 44 శాతం. బీఆర్‌సీఏ2 అయితే 69, 17. ఈ మార్పు తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఎవరికి ఉన్నా, ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సంక్రమించే అవకాశం సగానికి సగం.

బీఆర్‌సీఏ ఒక్కటే కాదు. పాల్‌బీ2, టీపీ53 వంటి జన్యువులు రొమ్ముకు సంబంధించినవి. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగూ లించ్ సిండ్రోమ్‌కు కారణాలు. లించ్ ఉన్న కుటుంబాల్లో పెద్దపేగు, గర్భసంచి లోపొర, అండాశయం క్యాన్సర్లు కలిసి కనిపిస్తాయి.

చార్టు గీయడం

కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. మధ్యలో మీరు, ఒక బాణం గుర్తు. స్త్రీకి సున్నా, పురుషుడికి చతురస్రం. క్యాన్సర్ వచ్చినవారి గుర్తును నలుపు చేయండి, చనిపోయినవారి గుర్తు మీద అడ్డగీత గీయండి. భార్యాభర్తల మధ్య ఒక గీత. వాళ్లు రక్తసంబంధీకులైతే జంట గీత. మన ప్రాంతంలో ఈ జంట గీత చాలాసార్లు అవసరమవుతుంది, దాని సంగతి కింద చెబుతాను. కనీసం మూడు తరాలు ఉండాలి: మీరూ మీ తోబుట్టువులూ, తల్లిదండ్రులూ వాళ్ల తోబుట్టువులూ, నలుగురు తాతామామ్మలు.

"క్యాన్సర్ ఎవరికి వచ్చింది?" అని మొదలుపెట్టకండి. మనుషులను లెక్కపెడుతూ మొదలుపెట్టండి. "అమ్మమ్మకి పుట్టిన పిల్లలు ఎంతమంది? మొదటి కాన్పు ఎవరు? ఇప్పుడు ఉన్నారా? వయసెంత? ఏమైనా పెద్ద జబ్బు చేసిందా? ఆపరేషన్ ఏదైనా జరిగిందా?" ఒకరు పూర్తయ్యాక రెండో కాన్పు. ఇలా వరసగా వెళితే మరిచిపోయిన మనుషులు కూడా బయటికొస్తారు: చిన్న వయసులో పోయిన పిన్ని, వేరే ఊరికి వెళ్లి మాటల్లేకుండా పోయిన పెద్ద మామయ్య. అమ్మమ్మ వైపు ముగిశాక నానమ్మ వైపు కూడా ఇంతే శ్రద్ధగా చేయాలి. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి అమ్మ వైపు చూస్తే చాలనుకుంటారు. నాన్నకి బీఆర్‌సీఏ మార్పు ఉండీ జీవితాంతం ఏ జబ్బూ రాకపోవచ్చు, ఆయన కూతురికి మాత్రం అది చేరవచ్చు. అన్నదమ్ములే ఎక్కువున్న ఇంట్లో అది తరాల పాటు కనబడకుండా ప్రయాణం చేయగలదు. అందుకే ఏదో ఒక వైపు 45 ఏళ్లు దాటి బతికిన దగ్గరి ఆడ బంధువులు ఇద్దరు కూడా లేకపోతే, ఆ వైపు చరిత్ర శుభ్రంగా ఉందని అనకూడదు. తేల్చడానికి సరిపోయినంత సమాచారం లేదని రాసుకోవాలి.

తరువాతి చిక్కు మన వరసలు. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క కావచ్చు, నాన్న అన్నకు భార్య కావచ్చు. మొదటావిడ మీకు రక్తసంబంధి, రెండో ఆవిడ కాదు. పిన్ని సంగతీ అంతే. నాన్న చెల్లెలు, మేనమామ భార్య, భర్త తల్లి ముగ్గురినీ అత్తా అనే పిలుస్తాం. వేలు విడిచిన అక్కని కూడా ‘మా అక్క’ అనే చెబుతాం. అందుకని వరస విని గుర్తు గీసేయకూడదు, "ఆవిడ ఎవరి కడుపున పుట్టింది?" అని ప్రతిసారీ అడగాలి. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే కుటుంబాల్లో ఈ బాధ కొంత తక్కువ: ఖాలా, ఫుఫూ, చాచీ, ముమానీ అని నలుగురికీ నాలుగు పేర్లున్నాయి.

ఏ అవయవం, ఏ వయసు

మన ఇళ్లలో క్యాన్సర్ అనే మాట పలకరు. ‘పెద్ద జబ్బు’, ‘గడ్డ’, ‘రాచపుండు’ అంటారు. లేదా లక్షణమే జబ్బు పేరైపోతుంది. "కడుపులో నీళ్లు చేరి పోయింది" అన్నది స్త్రీ గురించైతే అండాశయ క్యాన్సర్ కావచ్చేమో ఆలోచించాలి. లివర్ జబ్బు, టీబీ వల్ల కూడా నీళ్లు చేరతాయి కాబట్టి నీళ్లు తీసి పరీక్షకు పంపారా, కీమో ఎక్కించారా, జుట్టు ఊడిందా అని అడగాలి. "కామెర్లొచ్చి రెండు నెలల్లో పోయాడు" అంటే క్లోమగ్రంథి క్యాన్సర్‌కు అవకాశముంది. "ఎముకల క్యాన్సర్", "లివర్ క్యాన్సర్", "బ్రెయిన్‌లో గడ్డ" అని చెప్పేవాటిలో చాలా వరకు వేరే చోట మొదలై అక్కడికి పాకినవే. "అంతకు ముందు రొమ్ముకి ఆపరేషన్ జరిగిందా?" అన్న ఒక్క ప్రశ్నతో ఎముకల క్యాన్సర్ కాస్తా రొమ్ము క్యాన్సర్‌గా తేలవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ‘గర్భసంచి క్యాన్సర్’ దగ్గర. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు కారణం దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ అనే వైరస్. అది వంశపారంపర్య లెక్కలోకి రాదు. గర్భసంచి లోపొరకు వచ్చేది లించ్ సిండ్రోమ్‌లో ముఖ్యమైన గుర్తు. ఇంట్లోవాళ్లు రెంటినీ ఒకే మాటతో చెబుతారు. లోపల రేడియేషన్ పరికరం పెట్టి చికిత్స చేశారంటే ముఖద్వారం వైపు మొగ్గుంటుంది, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడి ముందుగా ఆపరేషన్ చేశారంటే లోపొర వైపు. ఇవి అంచనాలే. తేల్చేది బయాప్సీ రిపోర్టు. ఇక పొగాకు నమిలేవారికి వచ్చిన నోటి క్యాన్సర్, చుట్ట తాగేవారికి వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్ చార్టులో రాయండి, కానీ వాటిని చూసి బెంబేలు పడనక్కర్లేదు.

ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాలకే పెద్ద సమస్య. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో, బ్లీడింగ్ ఎక్కువగా ఉందనో 35 ఏళ్లకే తీయించుకున్నవాళ్లు చాలా కుటుంబాల్లో ఎవరో ఒకరుంటారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆమెకు అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు పోయినట్టే, రొమ్ము క్యాన్సర్ అవకాశం కూడా తగ్గవచ్చు. అంటే ఆమె జన్యుమార్పును మోస్తూ కూడా ఏ జబ్బూ లేకుండా 70 ఏళ్లు బతకవచ్చు. చార్టులో ఆమె గుర్తు తెల్లగా ఉంటుంది, ఆ తెలుపును నమ్మలేం. కాబట్టి కుటుంబంలో ప్రతి స్త్రీ పక్కనా మూడు సంగతులు రాయాలి: గర్భసంచి తీశారా, అండాశయాలు కూడా తీశారా, ఎన్నో ఏట. "అంతా తీసేశారు" అన్న జవాబు పనికిరాదు. డిశ్చార్జ్ కాగితం చూడాలి, అది లేకపోతే స్కానింగ్‌లో అండాశయాలు కనిపించాయో లేదో చూడాలి. నా దృష్టిలో ఇతర దేశాల ఫారాలను తెచ్చి మన దగ్గర అలాగే వాడితే జరిగే అతి పెద్ద నష్టం ఇదే. వాటిలో చాలావాటిలో ఈ ప్రశ్న ఉండదు.

వయసు దగ్గర కావలసింది జబ్బు బయటపడినప్పటి వయసు. ఇంట్లోవాళ్లకి గుర్తుండేది చనిపోయిన వయసు. ఆ రెంటికీ మధ్య పదేళ్ల తేడా కూడా ఉండొచ్చు. వయసు అంత ముఖ్యమెందుకంటే, అసలు బీఆర్‌సీఏ1 జాడ దొరికిందే వయసు వల్ల. 1990లో అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 23 కుటుంబాలను, జబ్బు వచ్చిన సగటు వయసు ప్రకారం వరసలో పేర్చి చూసింది. చిన్న వయసులో జబ్బొచ్చిన కుటుంబాల్లోనే, బీఆర్‌సీఏ1 ఉండే 17వ క్రోమోజోముతో సంబంధం స్పష్టంగా కనబడింది. అన్నిటినీ కలిపి చూస్తే ఆ సంబంధం మసకబారిపోయేది.

పల్లెలో పెద్దవాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. వాటిని పట్టుకుని అడగండి. గోదావరి వైపు వాళ్లని పుష్కరాలతో అడగొచ్చు: 1979, 1991, 2003, 2015. కృష్ణ వైపైతే 1980, 1992, 2004, 2016. దివిసీమ ఉప్పెన 1977, ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయింది 1983. "ఆపరేషన్ నాటికి పుష్కరాలు అయ్యాయా? చిన్న కొడుకు అప్పుడు ఎన్నో తరగతి?" ఇలా రెండు గుర్తులు కలిపితే రెండు మూడేళ్ల తేడాతో వయసు దొరుకుతుంది. వంశపారంపర్యం లెక్కకు అది చాలు.

ఏడు ప్రశ్నలు

చార్టు అందరూ గీయలేరు. బస్తీ దవాఖానాలోనో, రద్దీగా ఉండే ఓపీలోనో అంత సమయం ఉండదు. అలాంటి చోట్ల వాడేందుకు బ్రెజిల్‌లో ఏడు ప్రశ్నల వడపోత ఒకటి తయారుచేశారు, ఎఫ్‌హెచ్‌ఎస్-7 అంటారు. మీ తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు వంటి మొదటి వరస రక్తసంబంధీకుల్లో ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా? బంధువుల్లో ఎవరికైనా రెండు రొమ్ములకూ వచ్చిందా? మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? ఒకే స్త్రీకి రొమ్ముకూ అండాశయానికీ వచ్చిందా? ఎవరికైనా 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమందికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా? ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమందికి రొమ్ము లేదా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా జెనెటిక్ కౌన్సెలింగ్‌కి, అంటే కుటుంబ చరిత్ర తూచి జన్యు పరీక్ష అవసరమో కాదో చెప్పేవారి దగ్గరికి పంపాలి.

50 ఏళ్లలోపు అన్న ప్రశ్న మన దగ్గర వల పెద్దది చేస్తుంది. మన జనాభాలో చిన్న వయసువాళ్ల వాటా ఎక్కువ, కాబట్టి రొమ్ము క్యాన్సర్ రోగుల సగటు వయసు పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్లు తక్కువ. 48 ఏళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చిన పిన్ని ఒక్కతే ఉన్న కుటుంబానికి జన్యుమార్పు లేకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది. అయినా ఆ గీతను కిందికి జరపమని నేను అనను. వడపోత పని అనుమానాన్ని పట్టుకోవడం. బరువు తూచే పని కౌన్సెలర్‌ది. ప్రశ్నాపత్రంలో అవునని వచ్చింది కాబట్టి నేరుగా రక్తపరీక్షకు పరుగెత్తడం మాత్రం తప్పు.

అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2019లో ఇచ్చిన సిఫార్సు కూడా ఇదే వరసలో ఉంది: ముందు చిన్న ప్రశ్నాపత్రం, ఆపైన కౌన్సెలింగ్, అవసరమనిపిస్తేనే పరీక్ష. మన దగ్గర ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవారికి నింపే సీబాక్ ఫారంలో కుటుంబ చరిత్ర గురించి ఒక ప్రశ్న ఉంది. అది తల్లిదండ్రులకు, తోబుట్టువులకు బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడుగుతుంది. క్యాన్సర్ ఊసు అందులో లేదు. రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం వంటి లక్షణాల ప్రశ్నలు ఉన్నాయి, కానీ అవి జబ్బు వచ్చాక పట్టుకునేవి. ఇంటింటికీ తిరిగే మనిషి చేతిలో ఫారం ఎలాగూ ఉంది కాబట్టి, ఇంకొక్క ప్రశ్న చేరిస్తే ఎంత మేలో నాకు గట్టి నమ్మకం.

కొందరిని ఏ ప్రశ్నలూ లేకుండానే పరీక్షకు పంపాలి. ఎపిథీలియల్ రకం (పైపొర కణాల నుంచి వచ్చే) అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి స్త్రీ, గడ్డ ముక్క మీద చేసే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు మూడూ నెగటివ్ అయిన రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీ, రొమ్ము క్యాన్సర్ వచ్చిన పురుషుడు, క్లోమగ్రంథి క్యాన్సర్ వచ్చినవారు. వీరికి కుటుంబంలో ఇంకెవరికీ జబ్బు లేకపోయినా పరీక్ష అవసరమే.

మేనరికం లెక్క

ఉప్పల్‌లో ఉండే 34 ఏళ్ల స్త్రీ అనుకోండి. ఏ జబ్బూ లేదు, ఇంకా పిల్లలు లేరు. మేనత్త కొడుకుని చేసుకుంది. అత్తగారు 52 ఏళ్లకి కడుపులో నీళ్లు చేరి, కీమో తీసుకుంటూ చనిపోయింది. పాత ఫైలు తీస్తే అండాశయ క్యాన్సరని ఉంది. మామూలుగా అత్తగారి జబ్బు కోడలికి లెక్కలోకి రాదు, పిల్లలకే వస్తుంది. ఇక్కడ అత్తగారు నాన్న తోబుట్టువు. ఆమెకు బీఆర్‌సీఏ2 మార్పు ఉండి, అది తన తల్లి లేదా తండ్రి నుంచి వచ్చి ఉంటే, ఆమె కొడుక్కి, అంటే ఈ స్త్రీ భర్తకి, రావడానికి రెండింట ఒక వంతు అవకాశం. ఆమె తోబుట్టువైన నాన్నకి రెండింట ఒక వంతు, ఆయన ద్వారా ఈ స్త్రీకి నాలుగింట ఒక వంతు. భార్యాభర్తలిద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి.

ఇద్దరికీ ఉంటే రెండు ప్రమాదాలు. మొదటిది పిల్లలకు క్యాన్సర్ ముప్పు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం. రెండోది ఇంతకంటే తీవ్రమైనది: బిడ్డకు ఇద్దరి నుంచీ మార్పు చేరితే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశంతో, చిన్నతనంలోనే ఎముక మజ్జ దెబ్బతినే ఫాన్‌కోనీ ఎనీమియా రావచ్చు. పాల్‌బీ2 విషయంలోనూ ఇదే జరుగుతుంది. లించ్ జన్యువులైతే బాల్యంలోనే క్యాన్సర్లు వచ్చే మరో తీవ్రమైన పరిస్థితి. కాబట్టి మేనరికం చేసుకున్న జంటలో ఒకరికి మార్పు ఉందని తేలితే, పిల్లల కోసం ప్రయత్నించే ముందే రెండోవారికీ పరీక్ష చేయాలి. చార్టులో ఆ జంట గీత గీయమన్నది ఇందుకే.

పై ఉదాహరణలో ఆ స్త్రీ తల్లి చెల్లెలికి 44 ఏళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, ఆమె బతికే ఉందని కూడా అనుకుందాం. అమ్మకి మాత్రం 36 ఏళ్లకే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఇప్పుడు రెండు వైపులా అనుమానం ఉంది, రెంటినీ విడివిడిగా తేల్చాలి. అమ్మ వైపు ముందు పరీక్ష చేయాల్సింది పిన్నికి. నాన్న వైపు జబ్బు వచ్చిన అత్తగారు ఇప్పుడు బతికి లేదు కాబట్టి అత్తగారికి అతి దగ్గరివారికి, అంటే భర్తకీ నాన్నకీ.

ఎవరికి ముందు, ఏ పరీక్ష

జబ్బు వచ్చినవారికి ముందు పరీక్ష చేయాలి. ఆరోగ్యంగా ఉన్న కూతురు భయపడి ముందు తాను చేయించుకుని, నెగటివ్ వచ్చిందని సంతోషిస్తే ఆ నెగటివ్‌కు పూర్తి అర్థం లేదు. అమ్మలో ఉన్న మార్పు ఆమెకు రాలేదా, లేక అమ్మ జబ్బుకు కారణం ఈ పరీక్షకు అందని చోట ఉందా అన్నది తేలదు. అమ్మలో మార్పు దొరికి, అది కూతురిలో లేకపోతే, అప్పుడు ఆమె ముప్పు మామూలు స్త్రీలతో సమానమని నమ్మకంగా చెప్పవచ్చు. అమ్మ జబ్బు ముదిరిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా రక్తం తీయించి డీఎన్‌ఏ నిల్వ చేయమని అడగండి.

కావలసింది ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో కొద్ది మిల్లీలీటర్ల రక్తం. ఉపవాసం అక్కర్లేదు. వేరొకరి ఎముక మజ్జ ఎక్కించుకున్నవారికి రక్తం పనికిరాదు, అది దాత డీఎన్‌ఏని చూపిస్తుంది, చర్మకణాలు తీసుకోవాలి. పరీక్ష రాసేటప్పుడు బీఆర్‌సీఏ రెండే చూస్తారా, ఒకేసారి చాలా జన్యువులు చూసే పూర్తి ప్యానెల్ చేస్తారా అడగండి. కుటుంబంలో పెద్దపేగు, గర్భసంచి లోపొర క్యాన్సర్లు ఉంటే బీఆర్‌సీఏ ఒక్కటే చేయించడం డబ్బు దండగ. జన్యువులోని అక్షరాల వరస చదివే సీక్వెన్సింగ్‌తో పాటు ఎంఎల్‌పీఏ వంటి పద్ధతిలో జన్యువులో పెద్ద ముక్కలు పోవడం, రెట్టింపవడం కూడా చూశారో లేదో రిపోర్టులో వెతకండి. చూడకపోతే కొన్ని మార్పులు దొరక్కుండా పోతాయి. అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించే 185 డెల్ ఏజీ అనే బీఆర్‌సీఏ1 మార్పు భారతీయ కుటుంబాల్లోనూ పలుమార్లు దొరికింది. అంతమాత్రాన ఇలాంటి రెండు మూడు మార్పులే చూసే చవక పరీక్షతో సరిపెట్టుకోకూడదు, మన కుటుంబాల్లో దొరికే మార్పులు రకరకాలు.

కుటుంబంలో మార్పు ఏదో తేలాక మిగతావారికి ప్యానెల్ అక్కర్లేదు. ఆ ఒక్క చోటే చూస్తే చాలు, ఖర్చు ప్యానెల్‌లో చిన్న భాగమే. అయితే ల్యాబుకి జన్యువు పేరు ఒక్కటి సరిపోదు, రిపోర్టులో దాని పక్కన ఉండే అక్షరాలు, అంకెల వరస మొత్తం కావాలి. అసలు రిపోర్టు జిరాక్స్ ఇవ్వడం మేలు. బీఆర్‌సీఏ పరీక్ష 18 ఏళ్లలోపు పిల్లలకు చేయించకండి. ఆ వయసులో ఫలితం తెలిసి చేయగలిగిందేమీ లేదు.

రిపోర్టులో వీయూఎస్ అని వస్తే, మార్పు కనబడింది కానీ హానికరమో కాదో ఇంకా తెలియదని అర్థం. ప్రపంచ డేటాబేసుల్లో మనవాళ్ల జన్యు సమాచారం తక్కువ కాబట్టి మనకి ఇది ఎక్కువగా వస్తుంది. వీయూఎస్ చూసి అండాశయాలు తీయించుకోకూడదు, ఇతర బంధువులకు పరీక్షలూ చేయించకూడదు. ఏడాదికో రెండేళ్లకో ల్యాబును సంప్రదించి వర్గీకరణ మారిందా అని కనుక్కోవాలి. వీటిలో ఎక్కువ భాగం చివరికి హాని లేనివిగా తేలుతాయి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లో ‘డిటెక్టెడ్’ అన్న మాట చూసి నిర్ణయాలు తీసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. రిపోర్టు చేతికిచ్చే రోజే కౌన్సెలింగ్ ఉండాలని పరీక్షకు ముందే గట్టిగా అడగండి.

బీఆర్‌సీఏ పాజిటివ్ అయితే 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎమ్మారై, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్. పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40 నుంచి 45 మధ్య అండాశయాలూ ఫాలోపియన్ ట్యూబులూ తీయించుకోవాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఏటా సీఏ 125 అనే రక్తపరీక్ష, స్కానింగ్ చేయించుకుంటూ దీన్ని వాయిదా వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో సాధారణ ముప్పు ఉన్న స్త్రీల మీద జరిగిన భారీ అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. అలాంటి స్క్రీనింగ్ వల్ల అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. ఎక్కువ ముప్పు ఉన్నవారికి కూడా అది ఆపరేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. లించ్ అయితే పెద్దపేగును లోపలి నుంచి చూసే కొలనోస్కోపీ, ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 మార్పులకు 20-25 ఏళ్ల నుంచే, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 మార్పులకు 30-35 నుంచి మొదలవుతుంది. జన్యుమార్పు దొరక్కపోయినా కుటుంబ చరిత్ర బలంగా ఉంటే, అందరికంటే చిన్న వయసులో జబ్బొచ్చిన బంధువు వయసులోంచి పది తీసేసి, ఆ వయసు నుంచి మామోగ్రామ్ మొదలుపెడతారు, 30కి ముందు మాత్రం కాదు.

ఇదంతా చెప్పాక కూడా చాలా ఇళ్లలో పని ఆగిపోయేది ఒకే చోట: "పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది, ఈ సంగతి బయటికి రాకూడదు." ఆ భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. చేయగలిగినవి ఉన్నాయి. చరిత్ర అడిగేటప్పుడు ఆ స్త్రీని ఒంటరిగా కూర్చోబెట్టాలి. రిపోర్టు ఆమె చేతికే ఇవ్వాలి, భర్తకో బావగారికో కాదు. బంధువులకు తెలపడానికి కౌన్సెలర్ చేత ఒక ఉత్తరం రాయించుకోవచ్చు: జన్యువు పేరు, మార్పు, ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలి అన్నవే అందులో ఉంటాయి, రోగి పేరు ఉండదు. ఫోన్ చేసి చెప్పలేని మాటను ఆ కాగితం చెబుతుంది.

హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీలో జన్యు వ్యాధుల నిర్ధారణ విభాగం, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. బంధువులు రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, బంజారాహిల్స్ బసవతారకంలోనో చూపించుకుని ఉంటే పాత కాగితాల మీద రిజిస్ట్రేషన్ నంబరు వెతికి పట్టుకోండి. రిపోర్టు కాపీ అడగడానికి అదే ఆధారం. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చార్టు, జబ్బు వచ్చినవారి బయాప్సీ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీలు, గర్భసంచి ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. ఊళ్లో ఉన్న పెద్దమ్మకో మేనత్తకో ముందురోజే ఫోన్ చేసి ఖాళీలు నింపుకోండి, కౌన్సెలర్ ఎదుట కూర్చున్నాక ఫోన్ ఎత్తకపోతే ఆ రోజు వృథా. చార్టు మీద తేదీ వేయండి. 30 నుంచి 50 ఏళ్ల మధ్య వయసులో ఈ చరిత్ర ఎక్కువగా మారుతుంది, మీ తరంలో, మీ తల్లి తరంలో జబ్బులు బయటపడే కాలం అదే. ఏడాదికోసారి తీసి చూసి, కొత్తగా ఎవరికి ఏ వయసులో ఏమొచ్చిందో పెన్సిల్‌తో చేర్చి, తేదీ మార్చండి.